ఇళ్లు కావాలి, చెరువులూ కంచలూ మిగలాలి: హైదరాబాద్ విస్తరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొనాలనుకునేవారు, చెరువు పక్కన ఇప్పటికే ఇల్లున్నవారు, కాలనీ సంక్షేమ సంఘాల్లో తిరిగేవారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. సమాధానాల్లో జీవోలు, కొలతలు ఉన్నాయి. నా అభిప్రాయాలు కూడా ఉన్నాయి.

అసలు ఈ నగరంలో పచ్చని స్థలం అని దేన్ని అనాలి?

పార్కు అనగానే పచ్చిక, పూలమొక్కలు, నడక బాట మనసులో మెదులుతాయి. దక్కను పీఠభూమి మీద పుట్టిన ఊరికి ఆ కొలత సరిపోదు. ఇక్కడి సహజమైన పచ్చదనం ఏడాదిలో ఎక్కువ నెలలు గోధుమ రంగులోనే ఉంటుంది: బండరాళ్ల గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తుమ్మలు, మోదుగులు, నాలుగు వానలు పడగానే మోకాలెత్తు లేచే గడ్డి. పశువుల మేతకు వదిలిన అటువంటి నేలను పాతకాలం నుంచి కంచ అంటారు. కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ అన్న ఊరి పేర్లలో ఆ మాట ఇంకా బతికే ఉంది. దానికి తోడు చెరువు శిఖం భూములు ఉన్నాయి. నిండినప్పుడు నీళ్ల కింద ఉండి, ఎండాకాలంలో బయటపడే నేల అది.

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం (1998లో ప్రకటించినది, 390 ఎకరాల దాకా ఉంటుంది), చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని హరిణ వనస్థలి వంటివాటికి వన్యప్రాణి చట్టం కాపలా ఉంది. కంచలకూ శిఖాలకూ అటువంటి కాపలా లేదు. రెవెన్యూ రికార్డులో అవి ప్రభుత్వ భూమి, లేదా పట్టా భూమి. చూసేవారికి ఖాళీ స్థలం. ఈ పేజీలో ఎక్కువగా మాట్లాడేది వాటి గురించే.

తలదాచుకోవడానికి ఇల్లు లేనివారు లక్షల్లో ఉండగా చెట్ల గురించి మాట్లాడటం ఉన్నవారి ముచ్చట కాదా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. బంజారాహిల్స్‌లో ఉండి ఉదయపు నడకకు పార్కు కావాలనేవారికీ, బోరబండలో పది అడుగుల గదికి అద్దె కడుతున్నవారికీ అవసరాలు ఒకటి కావు. కానీ చెరువు పోయినప్పుడు నష్టం ముందుగా ఎవరి గుమ్మంలోకి వస్తుందో చూడండి. 2020 అక్టోబరు 13 రాత్రి నగరంలో 19 సెంటీమీటర్ల పైచిలుకు వాన పడింది; టోలిచౌకి వైపు నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది; కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. మునిగినవి పల్లపు ఇళ్లు, మొదటి అంతస్తు కూడా లేని ఇళ్లు. చవకగా దొరికింది కాబట్టే వారు ఆ నేల మీద ఇల్లు కట్టుకున్నారు, పల్లం కాబట్టే అది చవకగా దొరికింది.

ఇంకో లెక్క కూడా చూద్దాం. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. కోటి జనాభాకు పది మీటర్ల చొప్పున వేసుకుంటే 100 చదరపు కిలోమీటర్లు. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి విస్తీర్ణం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. అంటే అడుగుతున్నది నూటికి ఐదు వంతులు. మిగిలిన తొంభై ఐదులో ఇళ్లకూ రోడ్లకూ చోటు చాలడం లేదని ఎవరైనా అంటే, ఆ తొంభై ఐదును ఎలా వాడుతున్నామో అడగవలసి ఉంటుంది.

నగరం ఇంత దూరం పాకడానికి జనాభా పెరుగుదలే కదా కారణం?

కొంతవరకే. షాద్‌నగర్ దాటి, సదాశివపేట దాటి, యాదగిరిగుట్ట దాటి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది: ఒక కమాను, రంగు జెండాలు, తెల్లసున్నం వేసిన హద్దు రాళ్లు, మధ్యలో నలభై అడుగుల మట్టి రోడ్డు, రోడ్డు పక్కన ఎండిపోయిన మొక్కల వరుస. ఇళ్లు మాత్రం ఉండవు. పదేళ్ల కింద అమ్ముడైన వెంచర్లలో కూడా రెండో మూడో ఇళ్లు లేచి ఉంటే గొప్ప. సాగు ఆగిపోయింది, కాపురమూ మొదలు కాలేదు.

నా వాదన అంతా ఈ దృశ్యం మీదే నిలబడి ఉంది. పొలాలనూ కంచలనూ మింగుతున్నది ముఖ్యంగా ఇంటి అవసరం కాదు, ప్లాటు మీద పొదుపు. పిల్ల పెళ్లికో, పిల్లవాడి చదువుకో పనికొస్తుందని మధ్యతరగతి కుటుంబం 200 గజాలు కొని పెట్టుకుంటుంది. అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న కొడుకు మరో రెండు కొంటాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, బంగారం తర్వాత మనవాళ్లకు నమ్మకమైనది భూమే. కానీ దానికి ఇళ్ల కొరత అని పేరు పెట్టి, ఆ పేరుతో చెరువుల పరివాహక ప్రాంతాల ఆంక్షలు ఎత్తివేయమంటే ఒప్పుకోవలసిన పని లేదు.

లెక్క వేసి చూపిస్తాను. ఎకరం 4,840 గజాలు. రోడ్లకూ ఖాళీ స్థలానికీ నలభై శాతం పోతే దాదాపు 2,900 గజాలు మిగులుతాయి. 200 గజాల ప్లాట్లు పద్నాలుగు వస్తాయి. కొల్లూరులో ప్రభుత్వం 145 ఎకరాల్లో 117 బ్లాకులుగా 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టింది. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఎకరానికి 108 ఇళ్లు. అన్ని కుటుంబాలకూ 200 గజాల ప్లాట్లే ఇవ్వాలంటే దాదాపు 1,120 ఎకరాలు కావాలి. తేడా 900 ఎకరాల పైమాటే.

అయితే అందరూ కొల్లూరు లాంటి బ్లాకుల్లోనే ఉండాలా?

కాదు. కొల్లూరు లెక్క నేల ఎంత ఆదా అవుతుందో చూపడానికి పనికొస్తుంది, నమూనాగా పెట్టుకోవడానికి కాదు. అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లు ఇచ్చి, పాతబస్తీలోనో సికింద్రాబాద్‌లోనో కూలి పని చేసుకునే మనిషిని రోజూ రెండు బస్సులు మారమంటే అతను తాళం వేసి పాత గదికే తిరిగి వెళ్తాడు. పని దగ్గర ఉన్న చిన్న ఇల్లు, పని లేని చోట ఉన్న 560 చదరపు అడుగుల ఇంటి కన్నా విలువైనది.

మరో చివర కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న ఆకాశ హర్మ్యాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో 2006 నుంచి నేల విస్తీర్ణ నిష్పత్తికి, అంటే ప్లాటు వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్కకు, పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన జాగా చూసి ఎత్తు నిర్ణయిస్తారు. దేశంలోని పెద్ద నగరాల్లో ఇది అరుదైన వెసులుబాటు. ఇంత ఎత్తుకు కట్టుకోనిస్తే ఊరు పక్కకు పాకడం ఆగాలి కదా? ఆగలేదు. ఎత్తూ పెరిగింది, విస్తీర్ణమూ పెరిగింది, ఎందుకంటే రెండూ వేర్వేరు జేబులకు అమ్ముడయ్యే సరుకులు. నలభై అంతస్తుల్లో కొనేవారు కొల్లూరు లబ్ధిదారులూ కారు, షాద్‌నగర్ ప్లాటు కొనే గుమాస్తాలూ కారు.

మధ్యలో మనకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి ఉంది: 150, 200 గజాల్లో కింద యజమాని, పైన రెండు మూడు అంతస్తుల అద్దె వాటాలు. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి నిండా ఇవే. నీళ్లు, డ్రైనేజీ, బస్సు ఉన్న చోట ఇటువంటి ఇళ్లు ఒద్దికగా పెరగనివ్వడం అన్నిటికన్నా చవకైన గృహ విధానమని నా నమ్మకం.

111 జీవో అంటే ఏమిటి? ఇప్పుడు అమల్లో ఉందా?

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచి వేలమందిని పొట్టనబెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వాటిలోకి నీరు తెచ్చే నేలను కాపాడటానికి 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. కాలుష్య కారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు నిషేధం; 90 శాతం నేల సాగు, వినోద, పరిరక్షణ వంటి వాడుకలకే; కొత్త లేఅవుట్‌లో 60 శాతం రోడ్లకూ ఖాళీ స్థలానికీ వదలాలి. ఓ నూనె కర్మాగారం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు 1999, 2000 తీర్పుల్లో న్యాయస్థానం ముందుజాగ్రత్త సూత్రాన్ని వర్తింపజేసి, తాగునీటికి ముప్పు లేదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టేవారిదేనని చెప్పింది.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం 69వ జీవోతో షరతుల మీద ఆంక్షలు తొలగిస్తున్నట్లు ప్రకటించింది. 2023 మేలో మంత్రివర్గం మొత్తం ఉత్తర్వునే ఎత్తివేయాలని తీర్మానించింది. వ్యవహారం కోర్టుల్లోనూ నలుగుతూ వచ్చింది. అందువల్ల మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ మండలాల్లో ఎవరైనా ‘111 పోయింది, ఇక ఢోకా లేదు’ అంటే ఆ మాట మీద బయానా ఇవ్వకండి. సర్వే నంబరు వారీగా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోండి.

కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా. జంట జలాశయాలు ఇంకా ఎందుకు?

ఆంక్షలు ఎత్తివేయాలన్నవారి ప్రధాన వాదన ఇదే. నగరం తాగే నీటిలో ఈ రెండు జలాశయాల వాటా ఇప్పుడు తక్కువేనన్నది నిజం. కానీ వాటిని కట్టింది దాహం కోసమే కాదు, వరదను పట్టి ఆపడానికి. 2025 సెప్టెంబరు చివరి వారంలో పై నుంచి వదిలిన నీళ్లకు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చేరింది. ప్రయాణికులను బయటికి తీసుకురావలసి వచ్చింది. పొలం మీద పడిన వాన ఇంకి, ఆగి, మెల్లగా జలాశయానికి చేరుతుంది. అదే వాన కాంక్రీటు మీద పడితే గంటల్లో వచ్చేస్తుంది. జలాశయం నిండే వేగం పెరిగితే గేట్లు ఎత్తడానికి దొరికే వ్యవధి తగ్గుతుంది. ఎగువన 1.32 లక్షల ఎకరాలు ఏమవుతాయన్నది చాదర్‌ఘాట్ వంతెన కింద ఉండేవారి సమస్య కూడా.

ఇంకొక మాట. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటున్నాం. కరెంటు బిల్లు కట్టకుండా పల్లానికి దానంతట అది వచ్చే నీటిని వద్దనుకోవడం ఏ గృహస్థూ చేయని పని.

ఆ 84 గ్రామాల రైతులు మాత్రం ఎందుకు నష్టపోవాలి?

పోకూడదు. ఈ ప్రశ్నకు పర్యావరణం పేరుతో మాట్లాడే మాలాంటివారు ఇన్నేళ్లూ సరైన జవాబు చెప్పలేదు. వాగుకు ఇవతల ఎకరం ధర ఒకటి, అవతల ఎకరం ధర దానికి ఎన్నో రెట్లు. మధ్యలో ఉన్నది జీవోలోని ఒక గీత. ‘నీళ్లు మీకు, కట్టుబాట్లు మాకా?’ అని రైతు అడిగితే న్యాయం అతని వైపే ఉంది. పైగా ఆ ఆంక్షలు చిన్న రైతును కట్టేసినంతగా ఫామ్‌హౌసులను కట్టెయ్యలేదు; ఎత్తయిన ప్రహరీలు దారి పొడవునా కనిపిస్తాయి.

దీనికి సాధనం ఇప్పటికే మన చేతిలో ఉంది. బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు, వాడుకలో టీడీఆర్. రోడ్డు విస్తరణలో జాగా పోయినవారికి నగదుకు బదులు హక్కు పత్రం ఇస్తారు. దాన్ని వారు బిల్డర్‌కు అమ్ముకుంటే అతను మరోచోట అదనపు అంతస్తులు వేసుకుంటాడు. అదే పద్ధతిలో మొయినాబాద్ రైతు తన పొలాన్ని పొలంగానే ఉంచుతానని రాసిచ్చి, దానికి వచ్చే హక్కును కోకాపేటలో కట్టేవారికి అమ్ముకోగలగాలి. చిక్కు ఎక్కడంటే, ఎత్తుకు పరిమితి లేని నగరంలో అదనపు అంతస్తుల హక్కు ఎవరు కొంటారు? ఏదో ఒక హద్దు పెడితేనే ఆ పత్రానికి విలువ వస్తుంది. ఉత్త చేతులతో రైతును పచ్చదనానికి కాపలా పెట్టే విధానం మాత్రం ఎన్నటికీ నిలవదు. అతని ఓటే దాన్ని పడగొడుతుంది, పడగొట్టింది కూడా.

అమరావతిలో 2015లో వాడిన భూసమీకరణ ఇంకో దారి. మెట్ట ఎకరం ఇచ్చిన రైతుకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. అక్కడ దాన్ని ఊరు కట్టడానికి వాడారు. కొంత కట్టి, చాలా భాగం కట్టకుండా ఉంచడానికీ అదే సూత్రాన్ని వాడవచ్చు.

ఎఫ్‌టీఎల్, బఫర్ అంటే ఏమిటి? ఎన్ని మీటర్లు వదలాలి?

చెరువు అలుగు పారే మట్టానికి నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నిల్వ మట్టం. అక్కడినుంచి బయటికి కొంత మేర వదలవలసిన పట్టీ బఫర్. 2012 నాటి 168వ జీవో భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు; 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలా, వాగుకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. బఫర్‌లో పట్టా ఉండవచ్చు, కట్టడం ఉండకూడదు. ‘పట్టా ఉంది కదా’ అన్న ధీమాతో ఎంతోమంది మోసపోయేది ఇక్కడే.

చెరువులో ఇప్పటికే ఇల్లు కట్టుకున్నవారి సంగతి ఏమిటి?

2024 జులై 19న 99వ జీవోతో ఏర్పడిన హైడ్రా అవుటర్ రింగ్ రోడ్డు వరకు చెరువులు, నాలాలు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూస్తుంది. మొదటి నెలల్లో కూల్చివేత యంత్రాలు వచ్చిన తీరు చూసి, అనుమతి పత్రాలు, బ్యాంకు రుణం, కరెంటు మీటరు అన్నీ ఉన్నవారు కూడా నిద్రపోలేదు. తర్వాత ఆ సంస్థ తాను ఏర్పడక ముందు కట్టి, జనం కాపురం ఉంటున్న ఇళ్ల జోలికి పోబోమని ప్రకటించింది.

నా దృష్టిలో అంబర్‌పేట బతుకమ్మ కుంట అందరూ వెళ్లి చూడవలసిన చోటు. ఒకప్పుడు 14 ఎకరాలకు పైగా ఉన్న కుంట మట్టి పోసి పూడ్చిన తుమ్మల దిబ్బగా మారింది. చుట్టూ లేచిన ఇళ్లను కదపకుండా, మిగిలిన ఐదెకరాల పైచిలుకు జాగాలో తవ్వితే అడుగున నీళ్లు ఊరాయి. 2025 సెప్టెంబరులో దాన్ని ప్రజలకు తెరిచారు. ఆ ఏడాది బతుకమ్మలు అక్కడే ఆడారు. పోయిన తొమ్మిదెకరాలు పోయినట్టే. ఉన్నదాన్ని కాపాడారు, ఎవరి ఇల్లూ పోలేదు.

అయితే అనుమతి ఇచ్చిన అధికారి ఎప్పుడూ క్షేమంగానే ఉంటాడన్న ఫిర్యాదుకు నా దగ్గర సమాధానం లేదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

కంచ గచ్చిబౌలిలో జరిగింది ఏమిటి?

1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన 25వ సర్వే నంబరులోని 400 ఎకరాలు. ఒక క్రీడా సంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేసి, సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత 2024లో ప్రభుత్వం గెలుచుకున్న భూమి. ఐటీ అవసరాలకు అభివృద్ధి చేసి అమ్మే ఉద్దేశంతో 2025 మార్చి చివర్లో, వరుస సెలవుల్లో, పదుల యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలుపెట్టారు. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి పనులు నిలిపివేసింది. తర్వాత పునరుద్ధరణ ప్రణాళిక ఇమ్మంది.

‘అది అడవి కాదు, ప్రభుత్వ భూమి’ అన్నది ప్రభుత్వ వాదన. రికార్డు ప్రకారం అది సరైన మాటే కావచ్చు. అయినా జింకలు, నక్షత్ర తాబేళ్లు, పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన బండ, రెండు కుంటలు రికార్డు చదివి అక్కడ లేవు. గుర్తుపెట్టుకోవలసిన మరో సంగతి ఏమిటంటే, అక్కడ రాబోయినవి పేదల ఇళ్లు కావు. ఇళ్ల అవసరానికీ ఆ 400 ఎకరాలకూ సంబంధం లేదు.

నగరంలో పచ్చదనం పెరిగిందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి కదా?

చెబుతున్నాయి. భారత అటవీ సర్వే సంస్థ నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి చేరింది. హరితహారంలో నాటిన మొక్కల పాత్ర అందులో ఉంది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ లెక్కలో హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో 10 శాతం ఆకు గొడుగు ఉంటే చాలు, యాజమాన్యం ఎవరిదైనా, చెట్టు ఏదైనా అడవి కిందే వస్తుంది. ఉపగ్రహానికి విదేశీ మొక్క కోనోకార్పస్ వరుసా పచ్చగానే కనిపిస్తుంది, మోదుగుల కంచా పచ్చగానే కనిపిస్తుంది. కంచలో గడ్డి భూమి అయితే అసలు లెక్కలోకే రాదు. డివైడర్ల మీద ఏళ్ల తరబడి నాటిన ఆ కోనోకార్పస్‌ను ఇక నాటవద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది.

లేఅవుట్‌లో పార్కుకు పది శాతం వదులుతున్నారు కదా, అది చాలదా?

కాగితం మీద చాలు. లేఅవుట్ అనుమతి వచ్చేనాటికి రోడ్లనూ పార్కు స్థలాన్నీ స్థానిక సంస్థ పేరిట దానపత్రం రాసి రిజిస్టర్ చేయాలి. మా కాలనీ నక్షాలో ఆకుపచ్చ రంగు వేసిన తునక 900 గజాలు. అందులో మొదట నీళ్ల ట్యాంకు వచ్చింది. అది అవసరమే, ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సంఘం భవనం పేరుతో ఒక హాలు లేచింది, ఇప్పుడు పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ అద్దెకిస్తున్నారు. ఒక మూల చిన్న గుడి కట్టారు. దానికి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మిగిలింది ఒక వేపచెట్టు, దాని కింద రెండు సిమెంటు బెంచీలు, తాళం వేసి ఉండే చిన్న గేటు. ఆక్రమణ అనగానే బయటినుంచి ఎవడో వచ్చి చేసేదనుకుంటాం. మా పార్కును మేమే, మంచి పనులతోనే, వాయిదాల పద్ధతిలో పూర్తి చేశాం.

ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టి క్రమబద్ధం చేసుకుంటే సమస్య తీరినట్టేనా?

కొన్నవారి సమస్య తీరుతుంది. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన అనుమతి లేని ప్లాట్లకు అవకాశం ఇస్తే 25.44 లక్షల దరఖాస్తులు వచ్చాయి. క్రమబద్ధీకరణ రుసుముకు తోడు, వెంచర్ వేసినవాడు వదలని ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. అంటే పార్కుకు ధర కట్టి వసూలు చేస్తున్నారు. ఆ డబ్బుతో అదే చుట్టుపక్కల పార్కుకు జాగా కొనాలన్న ఒత్తిడి ఎక్కడా కనిపించదు. డబ్బు ఖజానాకు చేరుతుంది, పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటారు. దరఖాస్తు వేసినవారు తమ వార్డులో ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగవచ్చు.

మరి ఇళ్లు కట్టడానికి నగరం లోపల భూమి ఎక్కడుంది?

పాత పారిశ్రామికవాడల్లో ఉంది. బాలానగర్, ఉప్పల్, నాచారం, జీడిమెట్ల వంటి చోట్ల అవుటర్ లోపల 9,292 ఎకరాలను ఇతర వినియోగాలకు మార్చుకోనిచ్చే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. ఆలోచన సరైన దిశలోనే ఉంది: అక్కడ రోడ్లు, కరెంటు, మెట్రో దగ్గరలో ఉన్నాయి, ఒక్క చెరువునూ ముట్టుకోనక్కర్లేదు. అయితే ఒకప్పుడు ప్రభుత్వమే పరిశ్రమల కోసం చవకగా ఇచ్చిన నేల అది. రుసుము ఎంతన్న దాని మీద పెద్ద వాగ్వాదమే జరిగింది. నా పట్టు రుసుము మీద కన్నా వాటా మీద: మార్చే ప్రతి ఎకరంలో పేదల ఇళ్లకు ఎంత, అందరికీ తెరిచి ఉండే పార్కుకు ఎంత అన్నది ముందే రాసి ఉండాలి. రసాయన పరిశ్రమలు నడిచిన చోట మట్టిని పరీక్షించకుండా పునాది తీయకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

లండన్‌లా ఊరి చుట్టూ పచ్చని వలయం గీస్తే?

1938 చట్టంతో మొదలై లండన్ చుట్టూ అటువంటి వలయం నిలబడింది. ఊరు పాకడం ఆగింది. లోపల సరిపడా ఇళ్లు కట్టనివ్వకపోవడంతో ధరలు మండిపోయాయని, జనం వలయం దాటి అవతలి ఊళ్లలో ఉంటూ రైళ్లలో వస్తున్నారని అక్కడివారే విమర్శిస్తారు. మన 2031 మాస్టర్ ప్లాన్‌లోనూ పరిరక్షణ మండలం ఉంది. గీత గీయడం మనకు చేతకాక కాదు. భూ వినియోగ మార్పిడి పేరుతో ఒక్కొక్క ఫైలుగా దాన్ని చెరిపేస్తాం.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరా?

సారం ఒకటే, నేల వేరు. విశాఖకు సముద్రం ఒకవైపు, 70 చదరపు కిలోమీటర్లకు పైబడిన కంబాలకొండ అభయారణ్యం మరోవైపు హద్దులు కాబట్టి విస్తరణ భోగాపురం, అనకాపల్లి దిక్కుకు నడుస్తోంది. పట్టణాల్లో సెంటు స్థలం చొప్పున పట్టాలిచ్చిన లేఅవుట్లలో చాలావాటికి కొల్లూరు జబ్బే ఉంది: ఊరికి దూరం.

చెట్లు కొట్టేస్తున్నా, పార్కు స్థలం కబ్జా అవుతున్నా ఎవరికి చెప్పాలి?

చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది, అనుమతి ఇచ్చేది అటవీ శాఖ. చెరువు, నాలా, లేఅవుట్ పార్కు అయితే హైడ్రా. సోమవారాల్లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. లేఅవుట్ నక్షా ప్రతి, సర్వే నంబరు, తేదీతో తీసిన ఫొటోలు పట్టుకుని వెళ్లండి.

ప్లాటు లేదా ఫ్లాటు కొనేముందు నేను ఏమి చూడాలి?

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో చూడండి. సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందేమో రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో దగ్గరి చెరువు పటం తెరిచి, నోటిఫికేషన్ ప్రాథమికమా తుదిదా గమనించండి. ప్రాథమికమే అయితే గీత మారవచ్చు. గుంటల్లెక్కన అమ్మే ఫామ్ ప్లాటు లేఅవుట్ కాదు, దాని మీద ఇంటి అనుమతి వస్తుందనుకోకండి.

ఆ తర్వాత ఒకసారి ఆగస్టులోనో సెప్టెంబరులోనో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. వెంచర్ వాళ్లు కారు పంపేది ఎక్కువగా ఎండాకాలంలో. కమాను దగ్గర ఆగకుండా చివరి వరుస దాకా నడవండి. హద్దు రాయి మీద నీటి చార ఎక్కడిదాకా ఉంది, రోడ్డు కింద తూము ఏ వైపు నుంచి ఏ వైపుకు వేశారు, పక్క పొలంలో తుంగ పెరిగిందా అన్నవి కాగితంలో ఉండవు. గొర్రెలు కాసుకునేవారు ఎవరైనా కనిపిస్తే, పెద్ద వాన పడితే మందను ఎటు తోలుకుపోతారో అడగండి. వాళ్లు చూపించిన వైపు ప్లాట్లు ఇంకా మిగిలి ఉన్నాయేమో కనుక్కోండి.